పదహారు గురిగింజలు

తెల్లవారుజామున నాలుగున్నరకి
ఈ ఆసుపత్రిలో ముందు వెలిగే దీపం మా వంటింటిదే.
నేలకింద గది. రాయపురం వైపు గూడ్సు బండి పోతుంటే
గోడకి వేలాడే గరిటెలు ఒకదాన్నొకటి తాకుతాయి.

కాలిన ఒళ్లవాళ్లకి ఆకుపచ్చ కార్డు,
గుడ్లు, పాలు, గుడ్లు, మళ్లీ పాలు.
కొత్త చర్మం ఊరికే రాదు కదా.
చక్కెర జబ్బుకి పసుపు.
గోధుమరంగు కార్డొస్తే మాత్రం నాకు గుండె దిగులు,
కిడ్నీ వాళ్లది అది.
పెట్టేవి నాలుగు, తీసేసేవి నలభై.

బంగాళాదుంపని పలచగా తరగాలి,
వేడినీళ్లలో నానేసి వార్చాలి,
కొత్తనీళ్లలో ఉడికించి మళ్లీ వార్చాలి.
"పొటాషియం పోయింది" అంటుంది కయల్విళి మేడమ్.
దుంప కూడా పోయిందమ్మా, అంటాను లోపల్లోపల.

ఇరవై రెండో బెడ్డు వజ్రవేలాచారి.
షావుకారుపేట నగల కొట్లో
నలభై ఏళ్లు త్రాసు ముందు కూర్చున్న మనిషి.
మొదటిరోజే ట్రే వెనక్కి పంపాడు.
చెయ్యి తుడుచుకుని నేనే పైకెక్కాను.

"రోజుకి రెండు గ్రాముల ఉప్పంట గదా?
ఎంతనుకున్నావు తల్లీ, పదహారు గురిగింజల ఎత్తు!
మా కొట్లో దాంతో పసిపిల్ల రెండు చెవులూ మెరుస్తాయి.
దాన్ని తీసుకెళ్లి కూరలో పారేస్తావా?
పొట్లం కట్టి చేతికియ్యి.
ఎక్కడ పొదగాలో నేను చూసుకుంటా."

అప్పట్నించీ ఆయనకి అంతా చప్పగా వండి
ట్రే అంచున కాగితం మడత పెట్టేదాన్ని.
ఇడ్లీకి నాలుగు గింజల ఎత్తు, మధ్యాహ్నం ఏడు,
రాత్రికి అయిదు.
మేడమ్ ఒకసారి మిషను తెచ్చి తూచింది.
మళ్లీ తేలేదు.

దుంపలు వార్చిన నీళ్లు పారబోస్తానంటే
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"మా కొట్టు ముందు మురిక్కాలవలో మట్టిని కూడా
జలగడుగు వాళ్లు ఎత్తుకుపోతారే!
కడిగిన నీళ్లలోనే ఉంటుంది సరుకు.
నువ్వేమో సరుకు పారబోసి
నాకు మూస పంపిస్తున్నావు."

ఆడి నెల చివర, ఒక గురువారం
ఇరవై రెండుకి తెల్ల కార్డొచ్చింది.
మామూలు భోజనం. ఏదడిగితే అది.

కొత్తగా చేరిన కోమళ చప్పట్లు కొట్టింది,
"తాతకి నయమైపోయిందక్కా!"
కూరలు కడిగే వీరమ్మ కుళాయి కట్టేసింది.
తెల్ల కార్డు ఇంటికెళ్లేవాళ్లకీ వస్తుంది,
ఇంక ఏం పెట్టినా ఒకటే అయినవాళ్లకీ వస్తుంది.
రంగులో తేడా ఉండదు.
మేడమ్ ఆ కార్డు తనే పట్టుకుని మెట్లు దిగొచ్చిందంటే
మేం ఏమీ అడగం.

ఏం కావాలంటే పాయసం అనలేదు, ఆవకాయ అనలేదు.
"వార్చని దుంపల వేపుడు. తొక్కతో."

నూనె కాగింది. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు.
ముక్కలు ఎర్రబడ్డాక
నా చెయ్యి ఉప్పు డబ్బాలోకి పోయి
అలవాటు కొద్దీ అక్కడే ఆగింది.
ఉప్పూ కారం తిన్న ఒళ్లేగా నాదీ,
అయినా ఇంకో చిటికె వెయ్యడానికి
ఎవరో వెనకనించి తోసినట్టు కావాల్సొచ్చింది.

ఒక ముక్క నోట్లో పెట్టుకుని
చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.
"ఎన్ని గింజలేశావు?"
"పదహారే."
నా మొహంలోకి చూశాడు,
ముల్లు నిలబడేదాకా ఆగే చూపు.
"సరిపోయిందిలే" అన్నాడు.

ట్రే కిందికి దిగింది.
కంచంలో ఆవగింజ కూడా మిగల్లేదు.
అంచున మాత్రం, అలవాటుగా నేను పెట్టిన పొట్లం
మడత విప్పకుండా అట్లాగే ఉంది.

రెండు రోజులు దాన్ని కిటికీలో ఉంచాం.
శనివారం మధ్యాహ్నం ఇరవై రెండుకి కార్డు రాలేదు.
వీరమ్మ, కోమళ, నేను,
మజ్జిగన్నంలోకి ఆ పొట్లమే విప్పుకున్నాం.