మూడు ఫ్రేముల తేడా

ఔలులో మంచు కిటికీ అంచు దాకా పేరుకుంది.
గది పద్దెనిమిది డిగ్రీలు దాటకూడదని
రౌని హీటర్ కట్టేసి, శాలువా కప్పుకుని కూర్చుంది.
రెండు కార్డులకూ ఒకటే చలి. అదీ న్యాయం.

అదే వంతెన, అదే వాన, అదే గుర్రం.
తొంభై సెకన్లు. మళ్ళీ మొదటికి.
పొద్దుట్నించి నలభయ్యోసారి తడుస్తున్నాడు ఆ రౌతు,
అవతలి ఒడ్డు చేరకుండానే.

ఎర్ర కార్డు నూట నలభై ఒకటి.
నల్లది నూట ముప్ఫై ఎనిమిది.
ఏ కన్నూ పట్టలేని ఈ పిసరు కోసం
రేపు ఎంతమంది జబ్బలు చరుచుకుంటారో!

కానీ మలుపులో జింక దూకే చోట
ఎర్రది ప్రతిసారీ తొట్రుపడుతోంది,
లేని మెట్టు మీద కాలేసినవాడిలా.
సగటు ఆ సంగతి చెప్పదు.
సగటుకు సిగ్గెక్కువ.

రౌని పెన్సిలుతో అక్కడో చుక్క పెట్టింది.
ఫ్యాన్లు రొప్పడం ఆపాయి.
గెలిచిందెవరో అడక్కుండా
పిల్లి వచ్చి వెచ్చటి డబ్బా మీద ముడుచుకుంది.

పదిన్నరకు లెక్కలు మూసేసి
కళ్లెం తన చేతిలోకి తీసుకుని
వంతెన దాటింది.
నాలుగేళ్ళుగా చూడని ఒడ్డు:
ఒక సత్రం, దీపమున్న కిటికీ,
గుమ్మంలో ఎవరివో తడి చెప్పులు.

వాన ఇక్కడా పడుతోంది.
ఎంత నున్నగానో చూడలేదు.