గాలి పోయే దారి

బల్లార్షాల మే నెల.
పేపరు మిల్లు వాసన కూడ కదలలేక
రోడ్డు మీదనే కూలబడ్డ పగటిపూట
బోథేవాళ్ల పెండ్లి వీడియో
అరవై రెండు శాతం కాడ ఆగి
తెర నల్లబడ్డది.
ఇది మూడోసారి.

పక్క రేకు విప్పి, మళ్ల స్విచ్చేసి చూస్తే
ప్రాసెసరుతో ఉత్తగ వచ్చిన చిన్న ఫ్యాను
రెక్కలకు బొగ్గుదుమ్ము మెత్తుకొని
నిండిన బస్సుల పసిపిల్లకు
అట్టముక్కతో విసిరే తల్లి లెక్క
విసురుతనే ఉంది పాపం.
తొంభై ఆరు. తొంభై ఎనిమిది.
మళ్ల నలుపు.

చాందా గోల్ బజారుల నగ్రాళె
రెండు డబ్బాలు ముందర పెట్టిండు.
ఒకదాంట్ల నీళ్లు. రెండు నల్లగొట్టాలు, మూడు ఫ్యాన్లు,
సింగిడి రంగుల లైట్లు.
ధర వింటే నాకే జ్వరమొచ్చింది.
ఇంకోదాంట్ల రేకుల గూడు,
తడవని పుస్తకం పేజీల లెక్క సన్నగ, దగ్గరదగ్గరగ,
నడుమ దూసిన ఆరు రాగి గొట్టాలు.
సోకు లేదు. కిలో పైనే బరువు.

నా చెయ్యి లైట్ల దిక్కు పోతే
"థాంబ్" అన్నడు.
ఆగుమన్నడా, రాగి అన్నడా?
వాళ్ల మాటల ఆ రెంటికి నడుమ
ఒక్క ఒత్తే తేడా.

ఆగిన.
"తాయీ, నీ గది నలభై నాలుగుంటే
నీళ్లయినా రాగయినా
నలభై నాలుగు కిందికి దించయి.
వేడిని చంపేది నా దుకాణంల లేదు.
ఈడికెళ్లి ఆడికి మోసేటివే అన్నీ.
నీళ్లదానికి పంపు ఉంటది, పంపు ఆగితే అంతా ఆగుతది.
దీనికి ఆగేది ఫ్యానొక్కటే.
ఫ్యాను మా మేనల్లుడు కూడ మారుస్తడు."

రాగిదాన్ని ఒళ్లె పెట్టుకొని బస్సెక్కిన.

ఇంటికాడ ఓదెలు మామ,
ముప్పై ఒక్కేండ్లు బొగ్గుబాయిల
గాలి తలుపులు తెరిచి మూసిన మనిషి,
కూలరు దిక్కు చూడనే లేదు.
"డబ్బాలకు గాలి యాడికెళ్లొస్తది?"
ముందటికెళ్లి అన్న.
"యాడికి పోతది?"
నోట్ల మాట లేదు నాకు.
వెనక జాలికి ఫ్యాను లేదు, అది గోడకానుకొని మూడేండ్లు.

ఊదుబత్తి ముట్టించి లోపట పెట్టిండు.
పొగ లేచి, పై రేకుకు తాకి,
ఇల్లు దొరకని చుట్టం లెక్క ఆడాడనే తిరిగి
ప్రాసెసరు మీదికే దిగింది.
"వచ్చే దారి ఉండి పోయే దారి లేకుంటే
ఎంత పంఖా పెట్టినా
బాయిల మనిషి బతుకడు బిడ్డా."
ఎవరి పేరో ఆయన పెదవుల దాక వచ్చింది.
నేను అడుగలె.

బల్ల జానెడు ముందుకు జరిపినం.
వెనక ఒక ఫ్యాను, బయటికి ఊదేటట్టు.
ముందు జాలికి దోమతెర ముక్క, దుమ్ముకు.
ఎండి బెల్లు కట్టిన పాత పేస్టు తుడిస్తే
అడుగున అద్దమసొంటి చదరం.
మూడేండ్లు పని చేయించుకున్న, మొఖం ఇయ్యాల్నే చూసిన.
కొత్త పేస్టు కందిగింజంత.
ఎక్కువైతే అదే గొంగడి అయితది.
మూలమూలకు మర, ఎదురెదురుగ, కొంచెం కొంచెం,
కుండకు వాసెన కట్టినట్టు.

పొద్దుగూకంగ బోథేవాళ్ల పెండ్లి మళ్ల మొదలు.
అరవై రెండు.
అరవై మూడు!
మరాఠీ మంగళాష్టకాలు దాటి,
మనోళ్ల అప్పగింతల ఏడుపు దాటి
పోతనే ఉంది.
డెబ్బై ఎనిమిది డిగ్రీలు.
చల్లదనమని ఎవరంటరు దాన్ని?
ఓర్చుకునేంత వేడి, అంతే.

డబ్బా వెనక అరచెయ్యి పెట్టిన.
కాలుతున్న గాలి తగిలింది. అంటే పోతున్నది.
గదిలకే. మా ఇద్దరి మీదికే.

మామ లేచి కిటికీ గడియ గుంజిండు.
తుప్పు పట్టింది, రాలే.
సుత్తె తెమ్మన్నడు.