గుక్క

ఎర్సీలియా చపారోకి ఊదడం నేర్పమని
చీటీ రాసి నా దగ్గరికి పంపారు.
అరవై ఏళ్లు ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన మనిషికి!

సొగమోసో మా ఊరు. ఆండీస్ కొండల మీద
గాలి సగం జీతానికే పనిచేసే ఎత్తు.
ఊరి చివర ఇటుక బట్టీలు.
వాటి పొగ నాకంటే పెందలాడే లేచి
ఆసుపత్రిలో హాజరు వేయించుకుంటుంది.

నల్ల టోపీ, ఉన్ని శాలువా, చేతిలో గుడ్ల బుట్ట.
నాలుగు మెట్లకే ఆమె భుజాలు చెవులదాకా లేచాయి.
వేలికి క్లిప్పు పెట్టాను. ఎనభై ఒకటి.
"మార్కులా? ఎంతకి పాసు?" అంది.

సిగరెట్లు తాగేవారా అని అడగాలి, ఫారంలో ఉంది.
నవ్వింది. నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గేదాకా ఇద్దరం గోడ గడియారం చూశాం.
"నేను తాగలేదు, సుమెర్సే,
పొయ్యే నన్ను తాగింది."
(సుమెర్సే అంటే మా కొండల్లో
గౌరవానికీ గారానికీ ఒకటే పిలుపు.)

ఈ చికిత్సతో మీరు ఏం చేయాలనుకుంటున్నారు?
ఈ ప్రశ్నకి ఒకాయన, బూటు లేసు కట్టుకోవాలి అన్నాడు.
ఒకామె, మనవరాలి పెళ్లిలో ఒక్క పాటకైనా ఆడాలి అంది.
ఎర్సీలియా అంది: "బెలిసారియోని తిట్టాలి."

ఇటుకల వ్యాపారి. పదకొండేళ్లుగా
వెయ్యి ఎక్కించుకుని తొమ్మిది వందల అరవైకి డబ్బిస్తున్నాడు.
"ఒకప్పుడు మొదలుపెడితే
గుక్క తిప్పుకోకుండా
బట్టీ నుంచి లారీదాకా తిట్టేదాన్ని.
ఇప్పుడు మూడు మాటలకే గాలి అయిపోతోంది.
నాలుగో మాట
వాడే అందిస్తున్నాడు, వెధవ."

ఫారంలో రాసుకున్నాను. లక్ష్యం: తిట్టుట.

చిల్లులు పడ్డ తిత్తిని కుట్టే సూది
నా దగ్గర లేదని మొదటిరోజే చెప్పేశాను.
ఉన్న గాలిని ఎలా ఖర్చుపెట్టాలో, అదొక్కటే నా చదువు.
పెదాలు సున్నా చుట్టి, కొవ్వొత్తి ఆరిపోకుండా
మెల్లగా వదలండి అన్నాను.
"వేడి చాక్లెట్ మీద నురగ చెదరకుండా ఊదినట్టా?"
ఆ రోజు నుంచి నా పాఠంలో కొవ్వొత్తి లేదు.

బంగాళదుంపలు కూర్చుని ఒలవడం ఒప్పుకుంది.
స్నానానికి ముక్కాలిపీట ఒప్పుకుంది, విసుక్కుంటూ.
గ్యాస్ పొయ్యి మాత్రం మూడు నెలలు
మొక్కజొన్న కంకులు ఆరబెట్టే అరుగైంది.
ఆక్సిజన్ మిషన్ గురించి ఫిర్యాదే లేదు.
"రాత్రంతా గురకపెడుతుంది.
మా ఆయన తిరిగొచ్చినట్టుంది."

ఆగస్టు గాలులకి జ్వరం వచ్చింది.
తొమ్మిది రోజులు మాస్కు.
ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క చతురూ లేదు.
మాస్కు అంచు ముక్కుమీద కోసిన చోట
దూది సర్దుతుంటే
నా మణికట్టు పట్టుకుంది, అంతే.
లేచాక మళ్లీ వరండాలో మొదటి గీత దగ్గరనుంచే నడక.
ఆరు నిమిషాలకి నూట డెబ్బై మీటర్లు.
జ్వరానికి ముందు రెండు వందల నలభై.
నాకు ఏడుపొచ్చింది. ఆమె బూటు విప్పి రాయి దులుపుకుంది.

నవంబరులో ట్యూబు మార్చడానికి వాళ్లింటికి వెళ్లాను.
వాకిట్లో లారీ. బెలిసారియో వేళ్లు తడుపుకుని
నోట్లు లెక్కపెడుతున్నాడు.
చక్రాల సిలిండర్‌ని మేకపిల్లలా లాక్కుంటూ వెళ్లి
ఎదురుగా నిలబడింది.

"వెయ్యి ఇటుకలు కాల్చాను నేను."
ఆగింది. పెదాలు సున్నా. నురగ చెదరలేదు.
వాడు నోరు తెరిచాడు.
క్లిప్పు ఉన్న వేలెత్తింది. వాడు నోరు మూశాడు.
"పదకొండేళ్లు. లారీకి నలభై."
మళ్లీ ఆగింది.
ఆ ఊపిరి లోపలికెళ్లి బయటికొచ్చేంతసేపు
బట్టీ దగ్గర మనుషులందరూ వాడివైపే చూశారు.
గుక్క తిప్పుకోకుండా తిట్టిన రోజుల్లో
వాడికి చెమట పట్టడం ఎవరూ చూడలేదట.

మూడో విరామం పూర్తి కాకముందే
నలభై ఇటుకలు కిందికి దిగాయి.

వాటిమీదే కూర్చుంది, రొప్పుతూ.
వేలు నావైపు చాపింది. ఎనభై నాలుగు.
"పాసా?" అనలేదు ఈసారి.
పక్కన రెండు ఇటుకలు సర్ది
నాకు చోటు చూపించింది.