ఎత్తిన కాలు

గ్రిమ్స్‌బీ రేవు పక్కన చేపలకు పొగబెట్టే కొట్టం అది.
వీళ్లు కొనేనాటికి గోడలకు అరవయ్యేళ్ల మసి.
మూడు పూతలు సున్నం వేసినా
వాన పడ్డ రోజున హాడాక్ చేప వాసన
బాకీ ఉన్న పాత అద్దెదారులా తలుపు తోసుకొచ్చేది.

బడిలో బొమ్మలు గీయించే వినిఫ్రెడ్,
గడియారాలు బాగుచేసే డెస్మండ్,
ఇద్దరూ కలిసి పింగ్‌పాంగ్ బల్ల మీద ఒక ఊరు కట్టారు.
స్పాంజి ముక్కలు చెట్లు,
టూత్‌బ్రష్షు కుచ్చులు గడ్డి,
వాగు మటుకు నిజంగా పంచదార పాకమే.
దీపాల వేడికి మధ్యాహ్నానికి తీగపాకం,
సాయంత్రానికి ఉండపాకం.
ఆ ఒడ్డున గొడుగులు బాగుచేస్తూ ఒక నీటికుక్క.
పేరు బాడ్కిన్.

డెబ్బై ఆరులో నాకు అక్కడ పని దొరికింది.
జాకెట్లు కుట్టడం వచ్చా అన్నారు.
ఏలూరులో నేర్చిన చెయ్యి, వచ్చన్నాను.
ఎవరికో అడగలేదు.
వినిఫ్రెడ్ తన బొటనవేలు చూపించింది:
"ఇంత నడుముకి."

సెకనుకు పన్నెండు కదలికలు.
ముంజేతిని వెంట్రుకవాసి జరపాలి,
పక్కకి తప్పుకోవాలి, క్లిక్.
మళ్లీ వెంట్రుకవాసి. క్లిక్.
తుమ్మొస్తే వీధిలోకి పరుగెత్తి తుమ్మాలి.
పొద్దస్తమానం ఒళ్లు హూనం చేసుకుంటే
పిల్లలకి దక్కేది తొమ్మిది సెకన్లు.
బిస్కెట్టు పాలలో ముంచి
నోట్లో పెట్టుకునేలోపు అయిపోయేది.

ఎనభై మూడు, ఫిబ్రవరి, గురువారం.
బాడ్కిన్ వంతెన దాటుతున్నాడు.
ఏడో అడుగు సగంలో ఉండగా
టీ తెచ్చుకుంటానని లేచాడు డెస్మండ్.
తిరిగొస్తూ మెట్ల మీద కూర్చుండిపోయాడు.
కప్పు పక్కనే, నిటారుగా.

సోమవారం వినిఫ్రెడ్ కెమెరా వెనక నిలబడి
చూసి చూసి,
"అతని చెయ్యి ఆగినచోట నా చెయ్యి మొదలైతే
పిల్లలకి తెలిసిపోతుంది" అంది.
అంచేత ఆ వారం వంతెన మీద మంచు కమ్మింది.
దూది చించి చించి మేమే కమ్మించాం.
మంచు విడేసరికి అవతలి ఒడ్డున నీటికుక్క.
అది వేరే బొమ్మ, అదే జాకెట్టు,
రాత్రికి రాత్రి నేను కుట్టింది.

ఎలా దాటాడని ఎవరూ అడగలేదు.
స్కన్‌థోర్ప్ నుంచి ఆరేళ్లవాడు ఒకడు మాత్రం
క్రేయానుతో రాశాడు:
"మంచులో బాడ్కిన్‌కి భయం వేసిందా?"
జవాబు రాయడానికి వినిఫ్రెడ్‌కి రెండు వారాలు పట్టింది.
ఏం రాసిందో నాకు చూపలేదు.

తర్వాత లండన్ వాళ్లు కొన్నారు,
తర్వాత కంప్యూటర్లొచ్చాయి, తర్వాత వేలం.
ఊరంతా ముక్కలుగా పోయింది.
చెట్లు నాలుగు పౌన్లు.
పాకం గిన్నెను ఎవరూ ముట్టుకోలేదు.
ఇప్పుడక్కడ ఫ్లాట్లు. వాన పడితే
వాళ్లకి వాసనొస్తుందో లేదో, అడగాలనుంది.

పాత బాడ్కిన్ నా దగ్గరే ఉన్నాడు,
వంతెన చెక్కతో సహా, బిస్కెట్ల డబ్బాలో.
జాకెట్టు రెండో గుండీ వదులైంది.
కుట్టేశాను.
ఎత్తిన కాలు పడిపోకుండా
డెస్మండ్ ఆనించిన గుండుసూది మాత్రం
తీయలేదు.