రన్నింగ్‌లో దిగినట్టు

పుత్లీబౌలి సందులో ముజ్తబా భాయ్ షెడ్డు ముందు
రెండు బళ్లు ఆగి ఉన్నాయి.
నా దగ్గరున్న డబ్బు ఒక్కదానికే,
అదీ పాతది అమ్ముడుపోతే.

ఎర్రది ఆరొందల సీసీ, నాలుగు సిలిండర్లు.
గడ్డం ట్యాంకుకి ఆనించి సాగిలపడితే తప్ప
మాట వినదు.
స్టాండు మీదున్నప్పుడు కూడా
ఇప్పుడే ఎవరినో దాటొచ్చినట్టు ఉంటుంది మొహం.

తెల్లదాన్ని చూస్తే నవ్వొస్తుంది.
గుట్టలెక్కడానికి పుట్టిన ఒంటి సిలిండరు ఒంటె.
ఎవరో దాని పెద్ద చక్రాలు ఊడబెరికి
చిన్నవి, వెడల్పువి తొడిగి
నున్నటి టైర్లతో తారు మీదికి తోలారు.
దుక్కి దున్నే మనిషికి
పెళ్లి బూట్లు వేసినట్టు.
సూపర్‌మోటో అంటారు.
"పేరు బారెడు, సీటు జానెడు" అంది మా అక్క.

పోయిన వానాకాలం చెన్నై ట్రాక్‌కి వెళ్లాను.
రాత్రంతా డీసీఎంలో, బండి పక్కన, తాళ్ల మధ్య.
ఆ పొడుగాటి స్ట్రెయిట్‌లో
మీటరు నూట అరవై చూపించింది.
అందరూ మెచ్చుకున్నారు.
నిజం చెప్పనా, అక్కడ నేను నడపలేదు,
పట్టుకుని ఉన్నాను.
మలుపులో పడ్డాను.
భుజం దగ్గర ఎముకలో ఇప్పుడు ఆరు స్క్రూలు,
చలికాలం నాకన్నా ముందు అవే లేస్తాయి.

నా పని మలక్‌పేటలో రక్తం తీయడం.
పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుల వరస.
మంచి నరం కంటికి కనపడదు, వేలికి దొరుకుతుంది.
పదహారేళ్లుగా వేలితోనే వెతుకుతున్నాను.

శంషాబాద్ అవతల ఒక కార్ట్ ట్రాక్ ఉంది.
మొత్తం కిలోమీటరు లేదు, మలుపులు పదకొండు.
పుట్టినరోజు పిల్లలు వచ్చేలోపు
ఆదివారం ఆరు నుంచి తొమ్మిది దాకా మాకిస్తారు.
నెత్తి మీంచి విమానాలు దిగుతుంటాయి, చక్రాలు చాపి.
అక్కడ పోయిన వారం
గడియారాలు రిపేరు చేసే నర్సింలు
తన సూపర్‌మోటో ఇచ్చాడు, ఐదు రౌండ్లకి.

ఎక్కి కూర్చుంటే మునివేళ్లు కూడా ఆనలేదు.
బయల్దేరకముందే పడ్డాను,
నిలబడ్డ చోటే, బస్తాలా.
విప్లవ్ హెల్మెట్ తీసి మరీ నవ్వాడు.

తర్వాత, నాలుగో రౌండులో,
ఆరో మలుపు దగ్గర,
రన్నింగ్ బస్సు దిగేవాడిలా
ఒక కాలు ముందుకి చాపాను.
వెనక చక్రం కొంచెం జారింది.
జారి, ఆగి, మళ్లీ జారింది.
నడుముకి తెలిసింది, కళ్లకి కాదు.
అరవై కూడా లేదు వేగం.
అయినా ఆ రెండు క్షణాలూ
నడిపింది నేనే.

ముజ్తబా భాయ్‌ని సలహా అడిగితే చాయ్ పోశాడు.
"నా లాభం అడిగితే ఎర్రదే కొనమ్మా.
అది ఒక్కసారి పడ్డదంటే మా పిల్ల ఫీజు కట్టుకుంట.
ఇది పడితే ఏముంది,
హ్యాండిల్ వంగుతది, నువ్వే సీదా చేస్కుంటవ్."

ల్యాబు కవరు వెనక అంకెలు వేసుకున్నాను.
టైర్లు, పెట్రోలు, ట్రాక్ కిరాయి.
పది గంటలకోసారి ఆయిలు మార్చాలట, తాగుబోతు.
నంబరు ప్లేటు ఉండదు, వెనక సీటు ఉండదు,
అక్కని మోండా మార్కెట్‌కి తీసుకెళ్లలేను.
వారంలో ఒక్క పొద్దుట కోసం ఒక బండి.
ఇంత దుబారా మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

తెల్లదే తీసుకున్నాను.
సీటు స్పాంజి రెండంగుళాలు కోశాడు ముజ్తబా,
కోసిన ముక్క నా చేతిలో పెట్టాడు, కేకులా.

ఎర్రది ఇంకా అక్కడే ఉంది.
కోఠిలో పనుంటే ఆ సందులోంచే వెళ్తాను.
ఒకసారి ట్యాంకు మీద దుమ్ము తుడిచాను కూడా.
అది నా వైపు చూడలేదు,
ఎవరినో దాటుతూనే ఉంది.