లాభం, రెండు, మూడు

బంగారుపాళెం మండీలో
రైతుకొక వరుస.
అందులో ఒక గడి నిండా రకాలు:
బేనీషా, తోతాపురి, నీలం, మళ్ళీ తోతాపురి.
పక్క గడి నిండా తూకాలు, వచ్చిన క్రమంలోనే.
ఇట్లా ఒక్క గడిలో కుక్కినదాన్ని
అర్రే అంటారని చెప్తే
కాటా గుమాస్తా చెంగల్రాయప్ప నవ్వినాడు:
"గంప జారి కాలి మీద పడితే మేమూ అదే అంటాం."

కుప్పకొక వరుసగా విప్పాలి.
రకాన్ని బట్టి రేటు,
రేటును బట్టి రేపటి డబ్బు.

మొదటి రాత్రి రకాలు విప్పి
ఆపైన తూకాలు విప్పినాను.
ప్రతి కాయా ప్రతి తూకంతో జత కట్టేసింది.
దొరస్వామి నాలుగు కుప్పలు పదహారు,
ఒక టెంపో సరుకు నాలుగు టెంపోలు.
నేను టీ తాగి వచ్చేదాకా
మండీలో ఆయనంత ధనవంతుడు లేడు.

"కాయనడిగితే ఏం చెప్తాది, కాటానడిగితే ఏం చెప్తాది?
ఎన్నోదో అడుగు పాపా."
చెంగల్రాయప్ప గోడకానుకుని లెక్కపెట్టినాడు:
లాభం, రెండు, మూడు, నాలుగు.
ఆయన ఒకటి అనడు.
నలభై ఏళ్ళుగా అనలేదు.

రెండు అర్రేలనూ పక్కపక్కన పట్టుకుని
ఎన్నోదో చెప్పే అంకె తగిలించి
ఒక్క విదిలింపుతో విప్పినాను.
లాభానికి లాభం, రెండుకు రెండు.

కన్నెమ్మ దగ్గర ఆగింది.
రకాలు అయిదు, తూకాలు నాలుగు.
అయిదో వరుసలో నీలం, పక్కన ఖాళీ.
సున్నా కాదు. సున్నా అయితే తూచినట్టు.
అయిదోది తూయలేదని రాసి పంపేదాన్నే,
ఆమే వచ్చి చెప్పకపోతే:
"రెండోది దించేటప్పుడు గదమ్మా వాన.
కాటా మీద పట్ట కప్పేసినారు."

తప్పింది నడిమధ్యన.
ఖాళీ మాత్రం ఒక్కొక్కరినీ ముందుకు తోసి
తాను చివరికొచ్చి నిలబడింది.
తోతాపురి బరువుకు బేనీషా రేటు పడుతోంది,
ఎర్రగీత ఎక్కడా లేదు,
క్వెరీ సరిగ్గానే నడిచింది.

రెండో చోట ఖాళీని కూర్చోబెట్టినాను.
మూడు తూకాలు ఒక్కో మెట్టు దిగి
తమ కాయల పక్కకు చేరినాయి.
కాయలేమో అప్పటికే గుజ్జు ఫ్యాక్టరీలో,
ఎవరివి ఏవో తెలియనంతగా.

కన్నెమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని
తెల్లగా ఉన్న ఆ గడి మీద వేలు పెట్టింది.
"ఇదీ నాదే గదా?"