సున్నా వచ్చేదాకా

తెల్లవారుజామున రెండు ఇరవైకి
క్లాక్స్‌వీక్ రేవులో, ఐసు ఫ్యాక్టరీ పై అంతస్తున కూర్చుని
ఏడు కంటెయినర్లను నిద్రలేపి
అంకెల్లో పోసిన సముద్రంలోకి పంపాను.
ఒక్కో జలసంధికి ఒక్కోటి.
నాలుగింటికి పడవలు కదిలేలోపు
ఎక్కడ అల ఎంతెత్తు లేస్తుందో
లెక్కగట్టుకుని రావాలి.

పంపడం ఒక్క వాక్యం.
దాని కింది వాక్యం: వేచి ఉండు.
ఆ పంక్తి దగ్గర నా ప్రోగ్రాము
గుమ్మంలో బూట్లు విప్పి చతికిలబడ్డ మనిషిలా
కూర్చుండిపోయింది.
ఇంకేం చెయ్యదు. తర్వాతి పంక్తి వైపు కన్నెత్తి చూడదు.

కొత్తలో నాకింత నిదానం లేదు.
సెకనుకోసారి తలుపు తట్టేదాన్ని:
అయిందా? అయిందా? అయిందా?
నాకు బదులివ్వడంతోనే సరిపోయి
సర్వరుకి అసలు పని వెనకబడేది.
అది చూసి హానుస్
వాళ్ళ మేనమామ మాంసం కొట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు.
పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు.
లోపల గొర్రె తొడలు, అక్టోబరు నుంచీ,
చిటికెడు ఉప్పైనా తగలకుండా
సముద్రపు గాలికే ఎండుతున్నాయి.
"తీసి తీసి చూస్తే ఈగ దూరుతుంది," అన్నాడు ముసలాయన.
"అయినప్పుడు వాసనే పిలుస్తుందిలే."

ఆనాటి నుంచి అడగడం మానేశాను. ఆగుతున్నాను.

మొదటిది వచ్చింది. సున్నా.
రెండోదీ ఐదోదీ జంటగా. సున్నా, సున్నా.
బళ్ళో లెక్కల నోటుబుక్కులో
ఎర్రసిరా సున్నా చూసుకుని వెక్కివెక్కి ఏడ్చినదాన్నే,
ఈ కొలువులో సున్నా అంటే క్షేమమని
నేర్చుకోవడానికి కొంత కాలం పట్టింది.
మిగతా అంకెలన్నీ చావు కబుర్లు.
నూట ముప్పై ఏడు అంటే
మెమరీ చాలక మధ్యలోనే గొంతు నులిమేశారని.

మూడూ పది. ఆరు వచ్చేశాయి.
దక్షిణపు జలసంధికి వెళ్ళింది రాలేదు.
కెటిల్ రెండుసార్లు మరిగి చల్లారింది.
కిటికీ అద్దం మీద వాన అడ్డంగా నడుస్తోంది.
ఈ ఫారో దీవుల్లో వాన నిలువుగా పడటం
చిన్నప్పుడెప్పుడో ఒకసారి చూశాను.

అంతలో తెర మీద ఎర్రటి పంక్తి:
గడువు దాటింది.

గుండె గుభేలుమంది.
పోయిందనుకున్నాను.
ముసలాయనకి వద్దని చెబుదామని ఫోనందుకుని
సగం నంబరు నొక్కాక
ఎందుకో మళ్ళీ చదివాను.
దాటింది నా గడువు.
తీగకి ఇవతల నేను చెయ్యి వదిలేశాను, అంతే.
అవతల అది, వదిలేసిన సంగతైనా తెలియక,
చీకట్లో అల మీద అల పేర్చుకుంటూ ఉంది.

పేరు పెట్టి పిలిచాను.
"నడుస్తోంది" అని వచ్చింది జవాబు.

మనుషుల విషయంలో
మిగతా సగం నంబరు కూడా నొక్కేసిన రోజులెన్నో
అప్పుడు లెక్కపెట్టలేదు.
తర్వాత పెట్టాను.

గడువు అన్న చోట ఏమీ రాయకుండా వదిలి
మళ్ళీ కూర్చున్నాను.

మూడూ నలభై నాలుగు. సున్నా.
రావడమే తడవు తనను తాను తుడిచేసుకుంది,
అలాగని ముందే రాసి పంపాను కనుక.
ఇప్పుడెవరు వెళ్ళి వాకబు చేసినా
ఆ పేరుగల వాళ్ళెవరూ లేరంటుంది సర్వరు.
హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న.
మిగిలింది ఒక చిన్న ఫైలు,
అందులో ఒకే ఒక్క అంకె: రెండున్నర మీటర్లు.

ఫోన్ చేసి, వెళ్ళొచ్చు అన్నాను.
అటునుంచి పొడుగాటి ఆవలింత.
"ఇవాళ వెళ్ళట్లేదు రన్‌వా,
మనవరాలికి పన్ను పీకించాలి.
హానుస్ చెప్పలేదూ?"

మెట్లు దిగుతుంటే రేవులో
ఐదు పడవల దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.
ఆరోది చీకట్లోనే ఉంది, తాడుకి కట్టేసి,
అల లేచినప్పుడల్లా తనూ లేస్తూ.